మిత్ర ముఖం, సోఫియా నవ్వు

2017 నవంబరు 28న హైదరాబాద్ హెచ్‌ఐసీసీ వేదిక మీదికి చక్రాలతో ఒక తెల్లటి రోబో వచ్చింది. పేరు మిత్ర. బెంగళూరు సంస్థ ఇన్వెంటో తయారుచేసింది. ప్రధాని మోదీ, ఇవాంకా ట్రంప్ దాని ఛాతీ మీది తెరపై మీటలు నొక్కి ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సును ప్రారంభించారు. గుండ్రటి తల, పెద్ద కళ్లు ఉన్నాయి గానీ చర్మం, జుట్టు పెట్టలేదు. చూడగానే యంత్రమని తెలిసిపోతుంది.

మూడు నెలలు తిరక్కుండానే అదే నగరానికి సోఫియా అనే మరో రోబో వచ్చింది. ఆడ్రీ హెప్‌బర్న్ పోలికలు, రబ్బరు చర్మం, కదిలే కనుబొమలు. ఆ నవ్వు చూస్తే చాలామందికి ఒళ్లు జలదరిస్తుంది. ఎందుకో జపాన్ ఇంజనీరు మసహిరో మోరి 1970లోనే రాశాడు. రోబోకి మనిషి పోలిక పెరిగేకొద్దీ ఇష్టమూ పెరుగుతుంది. అచ్చం మనిషే అనిపించబోయే దగ్గర మాత్రం ఆ ఇష్టం ఒక్కసారిగా వెగటుగా మారుతుంది. ఆయన చూపిన ఉదాహరణ కృత్రిమ హస్తం. నిజం చెయ్యే అనుకుని పట్టుకుంటాం. చల్లగా, ఎముకల్లేనట్టు తగిలేసరికి ఉలిక్కిపడతాం.

రూపం మాట ఇస్తుంది. పని ఆ మాట నిలబెట్టాలి. పారో అనే చికిత్స రోబోని రూపొందించిన తకనోరి షిబాటాకి ఇది బాగా తెలుసు. పిల్లి బొమ్మ చేస్తే జనం ఇంట్లో పిల్లితో పోల్చి పెదవి విరిచారు. సీల్ పిల్ల రూపంలో పారోని చేస్తే వృద్ధులు ఒళ్లో పెట్టుకుని నిమిరారు. సీల్ ఎలా ప్రవర్తిస్తుందో ఎవరు చూశారు గనక!

అతి నమ్మకమూ ప్రమాదమే, నా దృష్టిలో వెగటు కన్నా పెద్ద ప్రమాదం. 2016లో జార్జియా టెక్ పరిశోధకులు ఒక భవనంలో పొగ నింపి, అలారం మోగించారు. ‘అత్యవసర మార్గదర్శి’ అని రాసున్న రోబో అంతకుముందు దారి తప్పడం కళ్లారా చూసినవాళ్లు కూడా దాని వెనకే వెళ్లారు.

మిత్రకి అసలు పరీక్ష 2020లో, కోవిడ్ వార్డుల్లో ఎదురైంది. నోయిడాలోని ఒక ఆసుపత్రిలో దాని ఛాతీ తెర మీద రోగులు ఇంటివాళ్ల ముఖాలు చూసుకుని మాట్లాడారు. అక్కడ కావలసింది ఆ ముఖాలే. రోబో ముఖం ఎలా ఉంటేనేం?

రేపు యానాం ఆసుపత్రికో, కాకినాడ బ్యాంకుకో ఇలాంటిది కొనేవాళ్లు అందం చూసి మురిసిపోవద్దు. గోదావరి యాస దానికి అర్థమవుతుందా? దాని కెమెరా తీసిన బొమ్మలు ఎవరి చేతికి పోతున్నాయి? జవాబు రానప్పుడు ‘నాకు తెలీదండి’ అని మనిషిని పిలుస్తుందా? ముందు ఇవి అడగండి.