డ్రిప్‌కు 90% సబ్సిడీ ఉన్నా కొందరు రైతులు ఎందుకు వద్దంటున్నారు? కారణాలు ఇవే

బొట్టుబొట్టుగా నీరిచ్చే డ్రిప్ పద్ధతి మనకు బయటి నుంచి వచ్చిన టెక్నాలజీ. ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారి ప్రాంతంలో 1965లో మొదలైన నెటాఫిమ్ కంపెనీ దీన్ని ప్రపంచానికి అమ్మింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో సూక్ష్మ సేద్య ప్రాజెక్టు వచ్చింది. ఇవాళ అనంతపురం చీనీ, అరటి తోటల్లో డ్రిప్ మామూలే. కానీ అన్ని ఊళ్లలో కథ ఇలా లేదు. కొందరు అసలు వేయరు. ఇంకొందరు వేసిన రెండు మూడేళ్లకే పైపులు చుట్టి పక్కన పడేస్తారు. ఎందుకిలా?

అవసరం ఉంటేనే ఆసక్తి

అనంతపురంలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వానే. బోర్లలో నీళ్లు తక్కువ. రెండెకరాలకు పారే నీటితో ఇంకో ఎకరం తడుస్తుందంటే రైతు వెంటనే ముందుకొస్తాడు. కాలువ కింద వరి వేసే రైతుకు ఆ అవసరం కనిపించదు. పైగా వ్యవసాయానికి కరెంటు ఉచితం. నీళ్లు ఎక్కువ తోడినా బిల్లు పెరగదు.

సబ్సిడీ ఒక్కటే చాలదు

కేంద్రం లెక్క ప్రకారం చిన్న, సన్నకారు రైతులకు 55%, మిగతా వారికి 45% సాయం అందుతుంది. రాష్ట్రాలు తమ వాటా కలిపి తెలుగు రాష్ట్రాల్లో చిన్న రైతులకు 90% వరకు ఇస్తున్నాయి. అయితే ప్రభుత్వం నుంచి కంపెనీలకు బకాయిలు పేరుకుపోతే పరికరాల సరఫరా ఆగిపోతుంది. సీజన్ దాటాక పైపులు వస్తే ఏం లాభం?

కౌలు రైతుకు తలుపు మూతే

సబ్సిడీకి పొలం కాగితాలు కావాలి. కౌలుదారుకైతే కనీసం ఏడేళ్ల లీజు ఒప్పందం ఉండాలి. మన దగ్గర కౌలు ఎక్కువగా నోటిమాట మీద, ఏడాదికోసారి మారుతూ ఉంటుంది. దీంతో పొలం దున్నేవాడికే టెక్నాలజీ అందడం లేదు.

వేశాక ఎవరు చూస్తారు?

అసలు చిక్కు ఇక్కడే. ఉప్పు ఎక్కువున్న బోరు నీటితో డ్రిప్పర్లు మూసుకుపోతాయి. ఫిల్టర్ కడగాలి, యాసిడ్ ట్రీట్‌మెంట్ చేయాలి. ఎలుకలు, ఉడతలు పైపులు కొరుకుతాయి. కలుపు తీసేటప్పుడు కొడవలి తగిలి తెగుతాయి. దగ్గర్లో విడిభాగాలు, బాగుచేసే మనిషి లేకపోతే రైతు విసిగిపోయి మళ్లీ కాలువలు తీసి నీరు పారిస్తాడు. పక్క పొలం రైతు అది చూసి దరఖాస్తే పెట్టడు. ఒక్క చేను బాగా పండితే మాత్రం ఊరంతా వెంటపడుతుంది.

నీళ్లు నిజంగా మిగులుతాయా?

మిగిలిన నీటితో రైతు మరో ఎకరం సాగు చేస్తే ఆదాయం పెరుగుతుంది. కానీ భూగర్భ జలం మాత్రం మిగలదు. అందుకే డ్రిప్‌తో పాటు ఊరంతా కలిసి ఏ పంట ఎంత వేయాలో లెక్క వేసుకోవాలి.

దరఖాస్తుకు ముందు ఇవి చూసుకోండి

బోరు నీటిని పరీక్ష చేయించండి. కంపెనీ ఎన్నేళ్లు సర్వీసు ఇస్తుందో కాగితంపై రాయించుకోండి. విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో ముందే కనుక్కోండి. సబ్సిడీ డ్రిప్‌ను పొలం దాకా తెస్తుంది. అది పదేళ్లు నిలవాలంటే ఊళ్లో రిపేరు చేసే మనిషి ఉండాలి.