కొత్తగా రాసేవారికి

నిన్న ఏం జరిగిందో చెప్పేది వార్త. ఎన్నాళ్లుగానో మన కళ్ల ముందే ఉన్నదాన్ని, దాని వెనక ఉన్న మనుషులను చూపించేది ఫీచర్. ఒక పుస్తకమో సినిమానో ఎలా ఉంది, ఎందుకలా ఉంది అని చెప్పేది సమీక్ష. ఇవి రాయాలంటే భాష మీద గొప్ప పట్టు ఉండాలని మన మిత్రులు చాలామంది వెనకాడుతుంటారు. భాష రాస్తూ ఉంటే వస్తుంది. గోడపత్రిక నడుపుతూ మేము గమనించినంతలో ముందు కావలసినవి ఓపిక, నిజాయితీ.

మన పేటనే తీసుకుందాం. రాంగోపాల్‌పేటకు ఆ పేరు సేఠ్ రాంగోపాల్ వల్ల వచ్చింది. ఆయన గురించి రాయాలని కూర్చుంటే, "సికింద్రాబాద్ క్లాక్ టవర్ కట్టించింది ఈయనే" అని రాసేయాలనిపిస్తుంది. వినడానికి బాగుంటుంది. కాని 1897లో ప్రారంభమైన ఆ టవర్‌ను కట్టించింది బ్రిటిష్ వారు. రాంగోపాల్ ఇచ్చింది అందులోని గడియారం. ఆయన కట్టించిన పోలీస్ స్టేషన్ భవనం వేరే ఉంది, మహాత్మాగాంధీ రోడ్డులో, అంటే పాత జేమ్స్ స్ట్రీట్‌లో. దానికీ గడియారం ఉంది! పెద్దలు చెప్పేటప్పుడు రెండు గడియారాలూ కలిసిపోతే అది వారి తప్పు కాదు. రాసేవాడు రెండు చోట్లకూ నడిచి వెళ్లాలి, నలుగురిని అడగాలి, లైబ్రరీలో చూడాలి. "కట్టించాడు" అన్న చోట "ఇచ్చాడు" అని మార్చడానికి ఒక ఆదివారం పోతుంది. పోనివ్వండి.

సురవరం ప్రతాపరెడ్డి గారికి ఒక్క మాట కోసం అంతకంటే చాలా ఎక్కువ కాలమే పట్టింది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ఒక పండితుడు రాశారు. పూజ్యమంటే ఇక్కడ సున్నా. 1926లో 'గోలకొండ పత్రిక' ప్రారంభించిన సురవరం వారు నాలుగు ఘాటైన వాక్యాలు రాసి ఊరుకోవచ్చు. అలా చేయలేదు. ఊరూరి నుంచి పద్యాలు, వివరాలు తెప్పించి 1934లో 'గోలకొండ కవుల సంచిక' వేశారు. అందులో 354 మంది కవులున్నారు. తిట్టు ఒక్కటీ అవసరం కాలేదు.

ఇది మనకు పాత కథ కాదు. మన బస్తీల గురించి, హాస్టళ్ల గురించి ఎవరో వచ్చి ఒక పూట చూసి రాసి వెళ్తారు. అయితే జాలి, లేకుంటే నింద. ఆది హిందువుల సంగతులు చెప్పడానికి భాగ్యరెడ్డివర్మ గారు 1931లో 'భాగ్యనగర్' పత్రిక పెట్టవలసి వచ్చింది. మన సంగతి మనమే రాసేటప్పుడు "నీళ్లు సరిగా రావు" అంటే చాలదు. వారంలో ఎన్ని రోజులు రాలేదు, ఎంతమందికి ఎన్ని నల్లాలు, ఎన్ని గంటలకు లేవాల్సి వచ్చింది అని రాయాలి. నీళ్లు బాగా వచ్చిన వారం ఉంటే అదీ రాయాలి. అప్పుడు దాన్ని కొట్టిపారేయడం ఎవరికైనా కష్టమే.

సమీక్షలో నిజాయితీ ఇంకా కష్టం. కవిత రాసినవాడు మన పక్క మంచం మీదే పడుకుంటాడు కదా! 1968లో కడప నుంచి 'సంవేదన' పత్రిక తెచ్చిన రాచమల్లు రామచంద్రారెడ్డి (రా.రా.) గారి సమీక్షలంటే పేరున్న రచయితలు కూడా జంకేవారు. ఆయనకు మొహమాటం లేదు. అయితే ఊరికే కాదనేవారు కాదు, ఎక్కడ ఎందుకు కుదరలేదో చూపించేవారు. ఆయన స్వయంగా అనువాదకుడు. అనువాదాల్లోని చిక్కులను చర్చించిన 'అనువాద సమస్యలు'కు 1988లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది.

"సినిమా బోరు" అన్నది సమీక్ష కాదు. ఏ సీన్ దగ్గర, ఎందుకు విసుగు పుట్టిందో చెప్పండి. సగమే చూసి ఉంటే సమీక్ష రాయకండి. స్నేహితుడి కవితలో ఒక్క పాదమే బాగుంటే ఆ ఒక్క పాదాన్నే మెచ్చుకోండి, మిగతాదాని సంగతి కూడా మర్యాదగా చెప్పండి. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు, మూడో రోజు కొత్త కవిత తెచ్చి చూపిస్తాడు.

మీరు రాసింది తిప్పి ఇస్తే కాగితం చించేయకండి. ఎర్ర గీతలు ఎక్కడ పడ్డాయో చూడండి. చాలాసార్లు మొదటి పేరా మీదే ఉంటాయి. అది తీసేసి, రెండో పేరా నుంచి గట్టిగా చదివి చూడండి.