వేళకు అందే సందేశం

కడప జిల్లా చెన్నూరు ప్రాంతపు రైతులకు కర్నూలు - కడప కాలువ చిరపరిచితం. సుంకేసుల వద్ద తుంగభద్ర నుంచి బయలుదేరే ఈ కాలువను 19వ శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. 1882లో ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకొంది. ఇటువంటి కాలువ కింద అందరూ ఒకేసారి తూములెత్తితే చివరి పొలాలకు నీరందదు. నీటి ఎద్దడి కాలంలో వంతులు పెట్టుకొనేది అందుకే. పైరు ఎండిన తరువాత వచ్చిన నీరు ఎంత పుష్కలంగా ఉన్నా వ్యర్థమే.

ఒకే నెట్‌వర్కును పంచుకొనే నియంత్రణ వ్యవస్థలకూ ఇదే సమస్య ఎదురవుతుంది. నియంత్రణ వ్యవస్థకు మూడు అంగాలుంటాయి. అవి స్థితిని కొలిచే సెన్సారు, నిర్ణయం చేసే కంప్యూటరు, ఆ నిర్ణయాన్ని అమలుపరిచే బ్రేకు లేదా మోటారు. పూర్వం వీటిని వేర్వేరు తీగలతో కలిపేవారు. తీగల బరువు, వ్యయం పెరగడంతో అన్నింటికీ ఒకే మార్గాన్ని ఏర్పరచడం మొదలైంది. వ్యయం తగ్గింది కాని, సందేశాల మధ్య పోటీ ఏర్పడింది. ఉత్తరం ఒక క్షణం ఆలస్యమైతే నష్టం లేదు. బ్రేకు వేయమనే ఆజ్ఞ ఆలస్యమైతే ప్రాణాలకే ముప్పు. "ఆలస్యం అమృతం విషం" అన్న లోకోక్తి ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఈ పోటీని పరిష్కరించే మార్గాలు ముఖ్యంగా రెండు. మొదటిది ప్రాధాన్య క్రమం. మోటారు వాహనాల కోసం జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1986లో ప్రకటించిన 'క్యాన్' పద్ధతిలో, రెండు సందేశాలు ఒకేసారి బయలుదేరితే ముఖ్యమైనది ముందుకు సాగుతుంది. రెండవది తన అవకాశం కోసం ఆగుతుంది. రెండవ మార్గం కాలవిభజన. ఇందులో ప్రతి యంత్రానికీ నిర్ణీతమైన వంతు ఉంటుంది.

భారతీయ రైల్వేల 'కవచ్' కాలవిభజనకు చక్కని ఉదాహరణ. పట్టాల మధ్య అమర్చిన ట్యాగులను చదివి ఇంజను తన స్థానాన్ని తెలుసుకొంటుంది. ఆ వివరాలను రేడియో ద్వారా స్టేషనుకు పంపుతుంది. ఎంత దూరం పోవచ్చునో స్టేషను తిరిగి తెలుపుతుంది. ఆ ప్రాంతంలోని రైళ్లన్నీ రేడియో మార్గాన్ని పంచుకోవాలి కనుక ఒక్కొక్క దానికి ఒక్కొక్క కాలఖండం కేటాయిస్తారు. ఇందుకు గడియారాలన్నీ ఏకకాలాన్ని చూపడం అవసరం. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు ఒక్క సెకనులో సుమారు 33 మీటర్లు దాటుతుంది. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజనులో గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య జరిగిన ప్రదర్శనలో, ఎదురుగా ఉన్న ఇంజనుకు 380 మీటర్ల దూరంలోనే రెండవ ఇంజను తనంతట తాను ఆగింది.

అయితే ఎంతటి జాగ్రత్త వహించినా కొన్ని సందేశాలు దారిలో నశిస్తాయి. కనుక నెట్‌వర్కు వేగంగా ఉంటే చాలునని రూపకర్త భావించరాదు. సందేశం ఎంత ఆలస్యం కావచ్చునో ముందుగా లెక్కించాలి. ఆ గడువు మీరితే ఏమి చేయాలో కూడా యంత్రానికి నేర్పాలి. సందేశం రాకపోవడాన్ని క్షేమానికి గుర్తుగా గాక అపాయ సూచనగా గ్రహించి, యంత్రం భద్రమైన స్థితికి చేరాలి.

2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి సమీపంలో రెండు ప్యాసింజరు రైళ్లు ఢీకొని 14 మంది మరణించారు. అప్పటికి ఆ మార్గంలో కవచ్ లేదు. వేళకు అందే ఒక చిన్న సందేశం విలువ ఎంతటిదో ఆ దుర్ఘటన తెలుపుతుంది.