హృద్రోగము – దాని తోడి వ్యాధులు

హృద్రోగము తరచుగా ఒంటరిగా రాదు. రక్తపు పోటు రక్తనాళములను బిరుసెక్కించును. మధుమేహము వానిని లోపలినుండి చెఱచును. రెండును ఒకే దేహమున చేరినచో గుండెకును, మూత్రపిండములకును ముప్పు ఇనుమడించును. 2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము ప్రకారము దేశమున 10.1 కోట్ల మందికి మధుమేహమును, 31.5 కోట్ల మందికి రక్తపు పోటును కలవు.

ఇవి చాలకాలము బాధ తెలియనీయవు. కావుననే పలువురు మాత్రలను నడుమ మానుచున్నారు. అదియే అపాయము! తెలుగువారు హెచ్చుగానున్న కృష్ణగిరి జిల్లాలో తమిళనాడు ప్రభుత్వము 2021 ఆగస్టున ప్రారంభించిన పథకము ఈ మందులను ఇంటికే చేర్చుటకు ఏర్పడినది.

తలిదండ్రులారా! ముప్పది యేండ్లు దాటినవారు ఏటేట పరీక్ష చేయించుకొనుడు. ఉప్పు రోజునకు 5 గ్రాములు మించనీయకుడు. ఊరగాయలోని ఉప్పును లెక్కలోనిదే. పొగాకు విడువుడు. బిడ్డల చదువు సాగవలెనన్న, పెంచువారి గుండె పదిలముగా నుండవలెను గదా!