పడవ వెనక మోటారు, దాని వెనక మనుషులు

రోడ్డు మీద బండి ఆగిపోతే తోసుకుంటూ పోతాం, లేదంటే పక్కన పెట్టి ఆటో ఎక్కుతాం. నీళ్ల మధ్య ఇంజను ఆగితే దిగడానికి చోటే లేదు, గాలి ఎటు తోస్తే అటు పోవాల్సిందే. అందుకే పడవ ఇంజను గురించి గుర్రపుశక్తి, వేగం లెక్కలు మాత్రమే చెబితే సగం కథే చెప్పినట్టు. మొరాయించినప్పుడు దాన్ని ఎవరు, ఎలా బాగుచేశారన్నది మిగతా సగం. పడవ వెనక బయట బిగించే ఔట్‌బోర్డ్ మోటారు విషయంలో ఈ రెండో సగమే పెద్దది.

ఈ మోటారును జనంలోకి తెచ్చిన ఓలే ఎవిన్‌రూడ్ 1877లో నార్వేలో పుట్టాడు. ఐదేళ్ల వయసులో కుటుంబంతో అమెరికా చేరి, విస్కాన్సిన్‌లో పెరిగాడు. పెద్దయ్యాక మిల్వాకీలో యంత్రాల పనివాడిగా స్థిరపడ్డాడు. 1906 వేసవిలో ఒక చెరువు పక్కన పిక్నిక్‌కి వెళితే, ఐస్‌క్రీమ్ తినాలనుందని, తర్వాత అతని భార్య అయిన బెస్ అడిగిందట. అతను తెడ్లేసుకుంటూ అవతలి ఒడ్డుకు వెళ్లి తెచ్చేలోపు అది కాస్తా కరిగిపోయిందట. మోటారు ఆలోచన అక్కడే పుట్టిందంటారు. కంపెనీ ప్రచారానికి ఇంత చక్కగా అమరిన కథను నేను పూర్తిగా నమ్మను. పైగా డెట్రాయిట్‌లో కామెరాన్ వాటర్‌మన్ అప్పటికే ఇలాంటి మోటారు తయారుచేసి అమ్ముతున్నాడు కూడా. అయినా జనం చేతుల్లోకి బాగా వెళ్లింది ఓలే మోటారే. 1909లో అమ్మకానికి వచ్చిన ఆ మోటారు శక్తి ఒకటిన్నర గుర్రాలు, బరువు 62 పౌన్లు, ధర 62 డాలర్లు.

దాని అమరిక ఇప్పటికీ పెద్దగా మారలేదు. పైన సిలిండరు, దాని నెత్తిన ఫ్లైవీల్, కిందికి నిలువుగా దిగే షాఫ్టు, నీళ్లలో గియర్లు, వాటి వెనక పంకా. చిన్న మోటారైతే మొత్తాన్నీ రెండు మరలతో పడవ వెనక చెక్కకు బిగిస్తారు. అప్పట్లో స్టార్ట్ చెయ్యాలంటే ఫ్లైవీల్‌కున్న పిడి పట్టుకుని గట్టిగా తిప్పాల్సి వచ్చేది. ఇంజను అంటుకున్నాక కూడా ఆ పిడి తిరుగుతూనే ఉండేది కనుక, చెయ్యి వెంటనే తియ్యకపోతే వేళ్లు పచ్చడే. ఇన్ని ఇబ్బందులున్నా ఆ రెండు మరలే అసలు విప్లవమని నా లెక్క. లోపల బిగించిన ఇంజను చెడితే మెకానిక్కే పడవ దగ్గరికి రావాలి. దీన్నయితే మరలు వదులు చేసి, భుజాన వేసుకుని, అతని కొట్టుకే తీసుకుపోవచ్చు.

ఓలే యంత్రం తయారుచేస్తే, వ్యాపారాన్ని నడిపింది బెస్. అప్పటికే అతని భార్య అయిన ఆమె ఉత్తరాలు, లెక్కలు, ప్రకటనలు అన్నీ చూసుకునేది. తెడ్లు అవతల పారెయ్యమంటూ ఆమె రాసిన ప్రకటన చూసి జనం నుంచి ఉత్తరాలు వెల్లువెత్తాయి. స్కాండినేవియా బెస్తవాళ్ల కోసం ఎగుమతులూ మొదలయ్యాయి. ఆ పని ఒత్తిడిలో ఆమె ఆరోగ్యం దెబ్బతింది. 1914 నాటికి కంపెనీలో తమ వాటాను భాగస్వామికి అమ్మేసి, కొన్నేళ్లపాటు ఈ వ్యాపారంలోకి రామని ఒప్పుకుని ఇద్దరూ పక్కకు తప్పుకున్నారు. ఆ గడువు తీరాక ఓలే అల్యూమినియంతో తేలికైన రెండు సిలిండర్ల మోటారు తయారుచేశాడు. పాత భాగస్వామికి చూపిస్తే అతను వద్దన్నాడు. దాంతో 1921లో ‘ఎల్టో’ పేరుతో సొంత కంపెనీ పెట్టి, పాత కంపెనీకే పోటీకి దిగాడు. 1929లో రెండూ కలిసిపోయాయి.

ఈ యంత్రంలో కావాలనే బలహీనంగా పెట్టిన భాగాలున్నాయి. చిన్న మోటార్లలో పంకాకూ షాఫ్టుకూ మధ్య ఒక మెత్తటి లోహపు పిన్ను ఉంటుంది. పంకా రాయికి తగిలితే అది తెగిపోతుంది, గియర్లు బతుకుతాయి. ఉప్పునీరు ముందుగా తనను తినేలా బయట జింకు ముక్క బిగిస్తారు. దాంతో అల్యూమినియం మిగులుతుంది. అన్నిటికన్నా తంటా పెట్టేది ఇంపెల్లర్. ఇది అరచేతిలో ఇమిడే రబ్బరు చక్రం. కింద నీళ్లు తోడి పైన సిలిండరును చల్లబరుస్తుంది. దానికి తడి ఆ నీళ్లతోనే. ఒడ్డున నీళ్లు పెట్టకుండా మోటారును కాసేపు నడిపితే చాలు, రెక్కలు మాడిపోతాయి.

మంచి మెకానిక్కు ఎవరో ఇక్కడే తేలుతుంది. ఇంజను వేడెక్కుతోందని మోటారు తెస్తారు. కింది భాగం విప్పి చూస్తే ఇంపెల్లర్ రెక్క ఒకటి లేదు. కొత్తది వేసి డబ్బు తీసుకుని పంపెయ్యడం సులువు. ఒడ్డున నీళ్ల డ్రమ్ములో పెట్టి నడిపితే వెనక సన్నటి నీటిధార చక్కగానే వస్తుంది కూడా. కానీ విరిగిన రెక్క ఏమైనట్టు? అది పైకి కొట్టుకుపోయి నీటిదారిలో ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. ఇవాళ కాకపోతే వారానికి, ఒడ్డుకు దూరంగా ఉన్నప్పుడే దారి మూసుకుంటుంది, పిస్టన్ బిగుసుకుపోతుంది. పనితనమున్నవాడు ఆ ముక్కలన్నీ దొరికేదాకా వెతికి, పాత చక్రం మీద అతికించి చూసి, సరిపోయాకే కొత్తది బిగిస్తాడు. ఆ గంట శ్రమ బిల్లులో కనిపించదు. కస్టమర్‌ను కుర్చీ వేసి కూర్చోబెట్టి టీ ఇవ్వడం కన్నా ఇదే పెద్ద మర్యాద.

పెద్ద కంపెనీలు సైతం ఈ లెక్క తప్పి దెబ్బతిన్నాయి. ఎవిన్‌రూడ్ సంస్థ 1936లో జాన్సన్ మోటార్స్‌తో కలిసి, తర్వాత ఔట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్‌గా పేరు మార్చుకుని దశాబ్దాలు వెలిగింది. 1990ల చివర్లో తెచ్చిన కొత్త ఇంధన ఇంజెక్షన్ మోటార్లు నడుస్తూ నడుస్తూ దెబ్బతినడం మొదలైంది. వారంటీ భారం పెరిగింది, నమ్మకం సడలింది. ఇతర కారణాలూ తోడై 2000 డిసెంబరులో సంస్థ దివాలా తీసింది. ఆ పేరును కొన్న కెనడా కంపెనీ తర్వాత ‘ఈ-టెక్’ మోటార్లు తెచ్చింది. మామూలు వాడకంలో మూడేళ్లు లేదా 300 గంటల దాకా డీలరు దగ్గరికి సర్వీసుకు తేనక్కర్లేదన్నది వాటి ఆకర్షణ. 2020లో అదీ ఎవిన్‌రూడ్ తయారీ ఆపేసింది. ఆపేసినా వారంటీ నిలబెడతామని, విడిభాగాలు ఇస్తూనే ఉంటామని ప్రకటించింది.

మన తీరంలోనూ ఇప్పుడు ఫైబర్ పడవలకు ఔట్‌బోర్డ్ మోటార్లే దిక్కు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంటుంది. మరమ్మతులకు అదే సరైన కాలం. జూన్ రెండో వారందాకా ఆగితే మెకానిక్కు దగ్గర వరస కట్టాలి, వాడు పైపైన చూసి పంపుతాడు. నిషేధం మొదలైన మొదటి వారంలోనే విప్పించండి. విప్పేటప్పుడు పక్కనే నిలబడి పాత ఇంపెల్లర్ చేతికివ్వమని అడగండి, రెక్కలన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. కొత్త మోటారు కొనేవాళ్లు ధర కన్నా ముందు అడగాల్సింది ఒకటే: దీని ఇంపెల్లర్, పిన్ను, జింకు ముక్క మా ఊళ్లో ఏ కొట్లో దొరుకుతాయి?