షడ్రుచుల్లో రెండు రుచులే కావట!

ఉగాది పచ్చడిలో ఆరు రుచులని వేళ్లు మడిచి మరీ లెక్క చెబుతాం. శరీరశాస్త్రం ఆ ఆరింట్లో తీపి, పులుపు, ఉప్పు, చేదులనే రుచులుగా ఒప్పుకుంటుంది. కారం, వగరు దాని లెక్కలో రుచులు కావు. నోటికి తగిలే స్పర్శలు!

మిరపలోని క్యాప్సైసిన్ వెళ్లి తట్టేది వేడిని పసిగట్టే గ్రాహకాన్ని. మామూలుగా 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే అది మెదడుకు కబురు పంపాలి. మిరపకాయ కొరికినా అదే కబురు పంపుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పచ్చిమిర్చికీ నోరు ‘కాలడం’ అందుకే. ఈ గుట్టును 1997లో బయటపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్‌లో వాటా దక్కింది. పక్షుల్లో ఈ గ్రాహకాన్ని క్యాప్సైసిన్ కదిలించలేదు. రామచిలుక పండుమిరపకాయను తాపీగా నములుతోందంటే అందులో దాని ధైర్యమేమీ లేదన్నమాట. మనకు మంటెక్కితే మాత్రం నీళ్లకంటే పెరుగు మేలు. క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు. పాల ప్రొటీనైతే దాన్ని పట్టుకుంటుంది.

వగరు కథ వేరు. మామిడి పిందెలో, నేరేడులో, పచ్చి అరటికాయలో ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లకు అతుక్కుంటాయి. నోట్లో జారుడు పోయి నాలుక గరుకెక్కుతుంది. టీ డికాషన్‌లో పాలు పడగానే వగరు తగ్గుతుంది కదా, అక్కడ టానిన్లు లాలాజలాన్ని వదిలి పాల ప్రొటీన్లను పట్టుకుంటాయి.

కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. కోసిన చేతికీ తిన్న గొంతుకూ మాత్రం దురద తప్పదు. కారణం, కందలో సూదుల్లా ఉండే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు.

సోడా తాగితే నాలుక చురుక్కుమంటుంది. బుడగలు పేలడం వల్లనుకుంటాం, కాదట. 2013లో వెలువడిన ఒక ప్రయోగంలో బుడగలే పుట్టనంత పీడనం ఉన్న గదిలో మనుషులను కూర్చోబెట్టి సోడా తాగించారు. చురుకు ఏమాత్రం తగ్గలేదు. కార్బన్ డయాక్సైడ్ నోట్లో ఆమ్లంగా మారడమే దానికి మూలం. గోలీసోడా సీసాకు 1872లో పేటెంటు తీసుకున్న హిరమ్ కాడ్‌కు గ్యాసు బయటికి పోకుండా ఆపడమొక్కటే చింత, పాపం.

చాక్లెట్‌లోని కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఒంటి వేడి 37. చేతిలో గట్టిగా, నోట్లో వెన్నలా ఉండటానికి ఆ కాస్త తేడా చాలు.

కరకర మాత్రం సగం చెవి పనే. ఆక్స్‌ఫర్డ్‌లో చార్లెస్ స్పెన్స్, మాసిమిలియానో జాంపినీ కొందరికి హెడ్‌ఫోన్లు పెట్టి చిప్స్ తినిపించారు. నమిలే చప్పుడును పెంచి వినిపిస్తే అవే చిప్స్ మరింత తాజాగా, కరకరలాడుతున్నట్టు అనిపించాయి. 2004లో అచ్చయిన ఈ పరిశోధనకు 2008లో ఇగ్ నోబెల్ వచ్చింది. నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది. మా అమ్మకు ఇవేవీ తెలియవు. జంతికలు గుల్లగా వచ్చాయో లేదో చూడమంటే నోట్లో వేసుకోదు, చెవి దగ్గర పెట్టుకుని విరుస్తుంది.