టిఫిన్‌కి బిస్కెట్టా!

ఏడుంబావుకి స్కూలు బస్సు. గడియారం చూస్తే ఏడు దాటి మూడు నిమిషాలు. ప్లేట్లో ఇడ్లీలు పొగలు కక్కుతున్నాయి. అవి చల్లారాలి, చట్నీలో ముంచాలి, నమలాలి, మింగాలి. అంత టైమెక్కడిది? ఒక కాలికి సాక్సు వేసుకుంది, రెండోది మంచం కింద దొరకనంటోంది. జడ సగమే పడింది. ‘అమ్మా... బిస్కెట్లివ్వవే!’ అంతే. డబ్బాలోంచి రెండు బిస్కెట్లు, అరగ్లాసు పాలు. ఒకటి నోట్లో, రెండోది చేతిలో. బస్సు హారన్ కొట్టేసింది!

మీ ఇంట్లోనూ ఇదే తంతా? అయితే రండి, కాసేపు కూర్చుని మాట్లాడుకుందాం.

మా ఇంట్లో రెండేళ్లపాటు ఇలాగే నడిచింది. ఇడ్లీ ప్లేటు టేబుల్ మీదే ఉండిపోయేది, మధ్యాహ్నం అత్తయ్య తినేవారు. అడిగినవాళ్లకి ‘మా అమ్మాయి టిఫిన్ తినే వెళుతుందండీ’ అని చెప్పేదాన్ని. నిజానికి నేనూ అలాగే అనుకునేదాన్ని. మూడో తరగతిలో ఉండగా ఒకరోజు క్లాస్ టీచర్ ఫోన్ చేశారు. ప్రేయర్‌లో కళ్లు తిరుగుతున్నాయంటూ పాప కింద కూర్చుండిపోయిందట. కంగారుపడాల్సింది ఏమీ లేదంటూనే ‘పొద్దున ఏం పెట్టారండీ?’ అనడిగారు. నేను తడుముకోకుండా ‘ఇడ్లీ’ అనేశాను. ఫోన్ పెట్టేశాక చూస్తే ఆ ఇడ్లీలు టేబుల్ మీద నా వంకే చూస్తున్నాయి.

డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాం. రక్త పరీక్ష చేయించాం, పెద్ద తేడా ఏమీ లేదన్నారు. ‘కడుపు నిండా తిని వెళ్లాలమ్మా’ అని పాపతో చెప్పి, మందు చీటీ కూడా రాయకుండా పంపేశారు. ఆ మాట పాపకి కాదు, నాకే తగిలింది.

లెక్క చూస్తే గుండె జారింది

ఆ రాత్రి బిస్కెట్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చదివాను. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. ప్యాకెట్ మీద పదార్థాల పేర్లు ఎక్కువ ఉన్నదాన్నుంచి తక్కువ ఉన్నదానికి వరసగా రాయాలన్నది నిబంధన. మా డబ్బాలో ఉన్నదానికి మొదటి పేరు మైదా, రెండోది చక్కెర, మూడోది పామాయిల్. ‘రాగి’ అని ముందువైపు పెద్ద అక్షరాలతో ఉన్న ఇంకో ప్యాకెట్ తీశాను. అందులోనూ ముందు మైదానే! రాగి పేరు ఎక్కడో వెనక వరసలో చిన్న అంకెతో ఉంది. సాధారణ గ్లూకోజ్ బిస్కెట్లలో వంద గ్రాములకు పాతిక గ్రాముల చుట్టుపక్కల చక్కెరే ఉంటుంది. అంటే పావు వంతు!

కానీ నన్ను భయపెట్టింది చక్కెర కాదు. బిస్కెట్ ఒక్కోటి అయిదారు గ్రాములుంటుంది. రెండు కలిపితే 50 క్యాలరీలు. అరగ్లాసు పాలకి మరో 60. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి రోజుకి 1700 క్యాలరీలు కావాలని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అందులో నాలుగో వంతు పొద్దున పడాలనుకున్నా నాలుగు వందల పైమాటే. మా పాప తిని వెళుతున్నది 110! అదీ పన్నెండున్నరకి లంచ్ బెల్ కొట్టేదాకా.

బళ్లలో పొద్దుటి పూట తిండి పెట్టాలని ప్రభుత్వాలు ఆలోచించింది ఊరికే కాదు. తమిళనాడు ప్రభుత్వం 2022 సెప్టెంబరులో బడుల్లో ఉదయం అల్పాహారం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మధ్యాహ్న భోజనం మెనూలోకి రాగిజావ చేరింది. ఖాళీ కడుపు పేదపిల్లల సమస్యేనని మనం అనుకుంటాం. బస్సెక్కే పిల్లల సంగతి ఎవరూ అడగరు. ఎందుకంటే వాళ్ల ఇళ్లలో ఇడ్లీ పాత్ర ఉంటుంది కదా!

‘సున్నుండనే కాల్చి పెట్టు’

పరిష్కారం చెప్పింది మా అత్తయ్యే. నేను మర్నాటి నుంచీ దోసెలు, ఉప్మా, బ్రెడ్ ఆమ్లెట్ అంటూ యుద్ధం మొదలుపెట్టాను. రోజూ ఏడుపులే. నాలుగో రోజు ఆవిడ కూరగాయలు తరుగుతూ, తలెత్తకుండానే అన్నారు... ‘అమ్మాయ్, అది బిస్కెట్ తింటానంటోంది. బిస్కెట్టే పెట్టు. సున్నుండలో ఏముంటుంది? పిండి, బెల్లం, నెయ్యి. దాన్నే అణిచి కాల్చావనుకో, బిస్కెట్ కాదూ?’

నిజమే కదా! సున్నుండ, నువ్వులుండ, తెలంగాణ ఇళ్లలో బతుకమ్మకు చేసే మలీద ముద్ద... అన్నింటిలోనూ గింజల పిండి, బెల్లం, కాస్త నెయ్యి లేదా నూనెగింజ. వాటిని పొద్దున్నే పిల్లల చేతిలో పెట్టి బడికి పంపిన తల్లులు ఎంతమందో. ఆకారం మారితే అదే తిండి ఈ కాలం పిల్లకి నచ్చవచ్చు.

ఇంట్లో చేసిన బిస్కెట్లన్నీ మంచివేనని మాత్రం అనుకోకండి. అత్తయ్య చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో పండగ సెలవుల్లో మైదా, చక్కెర, వనస్పతి తీసుకెళ్లి బేకరీలో ఇస్తే కలిపి, బట్టీలో కాల్చి ఇచ్చేవారట. రేకు డబ్బా నెత్తిన పెట్టుకుని వేడివేడిగా తెచ్చుకునేవారట. ఆ వాసన గురించి ఇప్పటికీ చెబుతారు. అవీ ‘మనింటి బిస్కెట్లే’! అప్పటి వనస్పతిలో గుండెకు చేటుచేసే ట్రాన్స్ ఫ్యాట్ దండిగా ఉండేది. నూనెలు, కొవ్వుల్లో అది రెండు శాతం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2022 జనవరి నుంచే అమల్లోకి వచ్చింది. కాబట్టి ఎవరు చేశారన్నది కాదు, ఏం వేశారన్నదే చూడాలి.

ఒకటి ఇసుక, ఒకటి రాయి

మొదటి ఆదివారం ఉత్సాహం పొంగిపోయి పూర్తిగా రాగిపిండితోనే చేశాను. పళ్లెంలోంచి తీయబోతే పొడిపొడి! చెంచాతో ఎత్తుకుని తిన్నాం. తర్వాత తెలిసింది... గోధుమలో పిండిని సాగదీసి పట్టి ఉంచే గ్లూటెన్ ఉంటుంది. రాగి, జొన్న, సజ్జల్లో అది ఉండదు. అందుకే జొన్నరొట్టె చెయ్యడానికి అంత చెయ్యి తిరగాలి. సగం గోధుమపిండి కలిపితే బిస్కెట్ నిలబడుతుంది.

రెండో ఆదివారం గోధుమపిండి కలిపాను. ఈసారి రాళ్లు! తప్పెక్కడంటే, మైదా బిస్కెట్ కాలితే బంగారు రంగుకి తిరుగుతుంది. రాగిది ముందే గోధుమరంగు కదా, మారినట్టు తెలీదు. గట్టిపడలేదని నేను ఇంకో పది నిమిషాలు, ఇంకో పది నిమిషాలు అంటూ ఉంచేశాను. వేడి మీద ఇవి మెత్తగానే ఉంటాయి. బయటికి తీసి చల్లారనిస్తేనే గట్టిపడతాయి. అంచులు కాస్త బిగిసి, కింద రంగు ముదిరితే చాలు, దించెయ్యాలి.

మూడోసారి కుదిరాయి. వాటి రంగు చూసి మా పాప ‘చాక్లెట్ బిస్కెట్లా?’ అంది. నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. అత్తయ్య మాత్రం నా వంక ఓ చూపు చూశారు. నెల తర్వాత పాప తనే కనిపెట్టేసింది. అప్పటికి రుచి పట్టేసింది లెండి.

ఇలా చేశాం

రాగిపిండి 100 గ్రాములు, గోధుమపిండి 100, బెల్లం కోరు 80, నెయ్యి 80, వేయించి పొట్టు తీసిన వేరుశనగ పలుకులు 50, నువ్వులు 20 గ్రాములు. అర టీస్పూను బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, ఏలకుల పొడి, కలపడానికి మూడు నాలుగు చెంచాల పాలు.

ముందు రాగిపిండిని మూకుట్లో సన్నసెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించాలి. ఇది మానేస్తే పచ్చివాసన వచ్చి పిల్లలు ముట్టరు. పలుకుల్లో రంగు మారినవి, ముడుచుకుపోయినవి, బూజు వాసన వచ్చేవి ఏరి పారెయ్యండి. మంచివాటిని రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. మరీ మెత్తగా చేస్తే కరకర పోతుంది. బెల్లంలో ఇసుక ఉంటే రెండు చెంచాల నీళ్లతో కరిగించి వడకట్టి, చల్లార్చి వాడండి. అప్పుడు పాలు తగ్గించాలి. నెయ్యి, బెల్లం కలిపి చేత్తో బాగా నలిపాక పిండ్లు, పలుకులు, నువ్వులు వెయ్యాలి. పాలు కొద్దికొద్దిగా చిలకరిస్తూ ముద్ద చెయ్యాలే తప్ప చపాతీ పిండిలా పిసకకూడదు. ముద్దని అరగంట పక్కన పెట్టి, నిమ్మకాయంత ఉండలు చేసి అరచేత్తో అణిస్తే ఇరవై రెండు దాకా వస్తాయి.

ఓవెన్ ఉంటే 170 డిగ్రీల దగ్గర పదిహేను, పద్దెనిమిది నిమిషాలు. లేకపోయినా దిగులు పడక్కర్లేదు. పాత మందపాటి గిన్నెలో అంగుళం మందాన ఉప్పు పోసి, స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడి చెయ్యండి. తర్వాత నెయ్యి రాసిన పళ్లెంలో బిస్కెట్లు పేర్చి లోపల పెడితే సన్నసెగ మీద పాతిక నిమిషాల్లో అయిపోతాయి. రోజూ పప్పు వండే ప్రెషర్ కుక్కర్‌ని మాత్రం ఈ పనికి వాడకండి. నీళ్లు లేకుండా కాలిస్తే అది పాడవుతుంది. ఆ ఉప్పు మళ్లీ ఇదే పనికి దాచుకోవచ్చు, కూరలోకి పనికిరాదు.

బెల్లమూ తీపే!

ఇక అసలు ప్రశ్న. ఇవి తింటే టిఫిన్ అయినట్టేనా? కాసేపు నిక్కచ్చిగా మాట్లాడుకుందాం.

మా లెక్క ప్రకారం ఒక్కో బిస్కెట్‌కి 90 క్యాలరీల పైచిలుకు. మూడు బిస్కెట్లు, ఒక గ్లాసుడు పాలు కలిస్తే దాదాపు నాలుగు వందలు. అంటే ఆకలి లెక్క సరిపోయింది. వంద గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాముల దాకా కాల్షియం, పదకొండు గ్రాముల పీచు ఉంటాయి. మైదాలో కాల్షియం పాతిక మిల్లీగ్రాములు కూడా ఉండదు, పీచు మూడు గ్రాముల లోపే. తేడా చాలానే ఉంది.

అయినా మురిసిపోకండి. మూడు బిస్కెట్లలో మనకి అందే మాంసకృత్తులు నాలుగైదు గ్రాములే. కాల్షియం వంద మిల్లీగ్రాములు. గ్లాసుడు పాలలో ఈ రెండూ అంతకంటే ఎక్కువే ఉంటాయి! అంటే పాలు లేకపోతే ఈ టిఫిన్ సగమే. పాలు పడని పిల్లలకి ఉడికించిన గుడ్డు పెట్టండి. చేతిలో ఒక అరటిపండు పెడితే ఇంకా మంచిది, బస్సులో తినేస్తారు.

మరి బెల్లం? ‘బెల్లం కదా, ఎంతైనా తినొచ్చు’ అని మా బంధువుల్లో చాలామంది అంటారు. బెల్లంలో ఇనుము, కాల్షియం కాస్త ఉన్నమాట నిజమే. కానీ మొత్తంలో 85 శాతం దాకా తీపి పదార్థమే. రోజుకి చక్కెర పరిమితి దాటొద్దని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలు చెబుతున్నాయి. బెల్లాన్నీ ఆ లెక్కలోనే చూసుకోవాలి. మూడు బిస్కెట్లతో పదకొండు గ్రాములు వెళ్లిపోయాయంటే ఆ రోజు పాలలో చక్కెర వెయ్యకూడదన్న మాట. మేం మానేశాం. మొదటి వారం గొడవ చేసింది, తర్వాత మరిచిపోయింది. ఇంట్లో షుగర్ ఉన్న తాతగారు ‘రాగులే కదమ్మా’ అంటూ చెయ్యి చాపితే మాత్రం మెత్తబడకండి. వేరుశనగ పడని పిల్లలుంటే పలుకుల బదులు నువ్వులు, గుమ్మడి గింజలు వేసుకోవచ్చు. అవి కూడా పడతాయో లేదో ముందు చూసుకోండి.

పొద్దున్నే బిస్కెట్ ఏమిటని ముక్కు విరిచేవాళ్లకి ఒక్క మాట. ఇటలీలో చాలా ఇళ్లలో ఉదయం తిండి అంటే పాలలోనో కాఫీలోనో ముంచుకు తినే బిస్కెట్లే. మన హైదరాబాద్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్‌తో రోజు మొదలుపెట్టేవాళ్లు ఎంతమంది లేరు? అలాగని నేను రోజూ ఇదే పెట్టమనడం లేదు. మా ఇంట్లో వారానికి మూడు రోజులే, అదీ పరీక్షలో, బస్సు ముందొచ్చే రోజులో అయితే. మిగతా రోజుల్లో దోసె, ఇడ్లీ, పెసరట్టు. పాపని ఇరవై నిమిషాలు ముందు లేపుతున్నాం. నిజం చెప్పాలంటే ఆ ఇరవై నిమిషాలు చేసిన మేలు ఏ రాగీ చెయ్యలేదు.

గాలి చొరబడని డబ్బాలో పెడితే ఇవి పది రోజులు నిల్వ ఉంటాయట. మాకు ఇంతవరకూ చూసే అవకాశం రాలేదు. ఆదివారం సాయంత్రం నింపిన డబ్బా బుధవారానికి గలగలమంటోంది. పాప తినేది రోజుకి మూడే. రాత్రి పదకొండింటికి వంటింట్లో లైటు వేసేదెవరో అత్తయ్యకీ తెలుసు, నాకూ తెలుసు. అడిగితే మా ఆయన ‘బాగా కాలాయో లేదో చూద్దామని’ అంటున్నారు.